తీగ మొదట్లో పూత

శ్రోతలకు నమస్కారం.

కాంతి సాయంతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయవచ్చని జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా 1972లో చూపించారు. ఆ తర్వాత ఈ పనికి పరీక్షించిన పదార్థాల్లో నాకు బాగా ఇష్టమైనది జింక్ ఆక్సైడ్. జింక్ నైట్రేట్, హెక్సమీన్ కలిపి వేడిచేసిన నీటిలో, ముందే విత్తనపు పొర వేసిన గాజుపలకను కొన్ని గంటలు ఉంచితే, దాని మీద నానో తీగలు నిలువుగా మొలుస్తాయి. కంటికి కనిపించేది తెల్లటి మసక. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో మాత్రం ఆరు పలకల స్తంభాలు కిక్కిరిసి ఉంటాయి. ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

కానీ ఈ తీగ సుకుమారం. ఆమ్లంలో కరుగుతుంది, క్షారంలోనూ కరుగుతుంది. నీటిలో ఉండగా కాంతి పడితే, లోపల పుట్టిన ధనావేశాలు తీగనే తినేస్తాయి. అందుకే దానికి టైటానియం డయాక్సైడ్ తొడుగు వేస్తారు. అదీ అర్ధవాహకమే, పైగా గట్టిది. పొర మరీ పలచనైతే సూదిబెజ్జాలు మిగులుతాయి, దళసరైతే విద్యుత్తు దాటలేదు.

ఇంత సన్నటి పూత ఎలా వేస్తారు? ఫిన్లాండ్‌లో తువోమో సుంతోలా 1974లో మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది: అటామిక్ లేయర్ డిపోజిషన్. గాలి తీసేసిన గదిలోకి టైటానియం సమ్మేళనపు ఆవిరి వదులుతారు. అది ఉపరితలానికి ఒక్క వరసగా అంటుకుంటుంది, చోటు నిండగానే ఆగిపోతుంది. మిగిలినదాన్ని నైట్రోజన్‌తో ఊడ్చేస్తారు. ఆగాలి. తర్వాత నీటి ఆవిరి. మళ్లీ నైట్రోజన్. మళ్లీ ఆగాలి. ఇంతా చేస్తే పెరిగేది నానోమీటరులో, అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతులో, ఇరవయ్యో వంతు. పది నానోమీటర్లకు ఈ చక్రమంతా 200 సార్లు తిప్పాలి.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఆ 'ఆగాలి' గురించే. చదును పలకకు కొద్ది సెకన్లు చాలు. తీగల గుబురులో ఆవిరి అడుగుదాకా దిగాలి, తిరిగి పైకి రావాలి. అది బయటపడకముందే నీటి ఆవిరి వదిలితే, రెండూ దారిలోనే కలుస్తాయి. దట్టమైన పొద మీద రంగు చిమ్మినట్టు, కొసలకు బాగా పట్టి మొదళ్లు బోసిగా మిగులుతాయి. ద్రావణం సరిగ్గా అక్కడే కొరుకుతుంది. పైన పూత చెక్కుచెదరకుండానే తీగ మొదలంటా ఊడిపోతుంది.

ఇలాంటి పూతల ఫొటో మీకు ఎక్కడైనా కనిపిస్తే, కొసను వదిలేసి తీగ మొదటిని చూడండి. పైన ఉన్నంత మందమే అక్కడా ఉంటే ఆ పూత వేసినవారు ఆగవలసినంత సేపు ఆగారన్నమాట.