పడుకున్న చిలుక

(తెర మీద: గళ్ల కాగితంపై చిలుక బొమ్మ. వెనక మగ్గం చప్పుడు.)

ఈ చిలుకను చూడండి. ఎమ్మిగనూరులో మా మగ్గం మీదికి ఎక్కాల్సిన కొంగు డిజైన్ ఇది. మా మామ పది రోజులు కూర్చుని గ్రాఫు గీశాడు. ముక్కు, రెక్క, తోక, దేనికీ వంక పెట్టలేం. ఈ బొమ్మను మగ్గానికి చెప్పే చిల్లుల అట్టలు, అంటే జకార్డు అట్టలు, కొట్టించే ముందు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నేసేవాళ్లు, రంగులు అద్దేవాళ్లు, షాపువాళ్లు, చీరలు కొనే అక్కలు, అందరూ ఉంటారు అందులో. కాసేపటికి ఆదోనిలో జాకెట్లు కుట్టే అక్క రాసింది: "తమ్ముడూ, కొంగు భుజం మీద వేసుకుంటే నీ చిలుకలన్నీ పడుకుంటాయి గదా?"

మామ నోట మాట లేదు. ముప్పై ఏళ్లుగా నేస్తున్నాడు గానీ, ఆయన చీర కట్టుకున్నదెప్పుడు? ఇన్నాళ్లూ వేసినవి పువ్వులే. పువ్వుకు పైనా కిందా ఉండదు, చిలుకకు ఉంటుంది.

(తెర మీద: జకార్డు అట్టలు, దగ్గరగా.)

గ్రాఫులో ఒక్కో వరసకు ఒక్కో అట్ట. మా చిలుకకు 240. అవి కొట్టించాక బొమ్మను అడ్డం నుంచి నిలువుకు తిప్పితే ఒక్క అట్టా పనికిరాదు. ఒక్క మెసేజ్ ఆ ఖర్చంతా ఆపింది.

ఇలా పదిమందిని అడిగి పని చేయించుకోవడానికే 2006లో జెఫ్ హౌ అనే అమెరికా విలేఖరి క్రౌడ్‌సోర్సింగ్ అని పేరు పెట్టాడు. పేరు కొత్తదే గానీ పద్ధతి పాతది. మన ఊళ్లో మాచాని సోమప్ప గారు 1938లోనే నేతగాళ్లను సహకార సంఘంగా కలిపారు. అదీ నెట్‌వర్కే, ఫోన్లు లేవంతే.

మన జేబులో ఉన్న రూపాయి గుర్తు కూడా పోటీ పెట్టి తెచ్చిందే. 3,000కు పైగా డిజైన్లు వస్తే, 2010లో ఉదయ కుమార్ గీసినది ఖాయమైంది. బహుమతి రెండున్నర లక్షలు. మిగతా వేల మంది కష్టానికి ఏమొచ్చింది? చివరి వడపోత దాకా వచ్చిన కొద్దిమందికి తప్ప ఏమీ లేదు. పోటీ అనగానే ఎగిరి గంతేసే కుర్రాళ్లు ఈ లెక్క చూసుకోవాలి.

ఇంకో చిక్కు, జనానికి తమాషా ఎక్కువ. 2016లో బ్రిటన్‌లో ఒక పరిశోధన నౌకకు పేరు పెట్టమని అడిగితే 'బోటీ మెక్‌బోట్‌ఫేస్'కు, అంటే 'పడవమొహం పడవ' లాంటి పేరుకు, ఓట్లు గుద్దారు. అధికారులు నౌకకు ప్రకృతి మీద టీవీ కార్యక్రమాలు చేసిన డేవిడ్ అటెన్‌బరో పేరు పెట్టి, ఆ తమాషా పేరును లోపలి చిన్న జలాంతర్గామికి ఇచ్చారు. తెలివైన పనే. జనాన్ని తప్పులు పట్టమనాలి. చివరి మాట మాత్రం పని తెలిసినవాళ్లదే కావాలి.

మాకు తగిలిన దెబ్బ కూడా చెప్తాను. పోయినేడు ఒక అంచు మొత్తం గ్రూపులో పెట్టాం. మా చీర మగ్గం దిగకముందే అదే అంచు పవర్‌లూమ్ చీర మీద బజార్లో కనిపించింది. అప్పట్నుంచి ఒక మూల మాత్రమే చూపిస్తున్నాం. ఈ చిలుక కూడా ఒక్కటే చూపించాం, కొంగు మొత్తం కాదు.

(తెర మీద: కొత్త గ్రాఫు. చిలుక నిలబడింది.)

రేపు అట్టలు కొట్టించడానికి వెళ్తున్నాం. ముక్కు ఎరుపా, నారింజా అన్నది ఇంకా తేలలేదు. గ్రూపులో అడగలేదు. అడిగితే ఉగాది దాటిపోతుంది.