షెడ్డు పోయింది, సీసం పోలేదు

(దృశ్యం: తిరుపతి–రేణిగుంట రోడ్డు. అటూ ఇటూ అపార్ట్‌మెంట్లు, మధ్యలో కంపచెట్లు మొలిచిన ఖాళీ స్థలం.)

నమస్కారం. తిరుపతిలో అంకణం ధర ఎంత పలుకుతుందో మీకు తెలుసు. అలాంటి చోట ఒక స్థలం ఏళ్ల తరబడి ఎవరూ ముట్టకుండా పడి ఉందనుకోండి. ఒకప్పుడు అక్కడ పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఉండేదనుకుందాం. షెడ్డు పోయింది, సీసం పైమట్టిలోనే ఉండిపోయింది. అది ఎండకు ఆవిరైపోదు, ఆకుల్లా కుళ్లిపోదు. మట్టిలో ఆడి చేతులు నోట్లో పెట్టుకునే పసిపిల్లలకే అందరికంటే ముందు ముప్పు.

మరి ఆ మట్టిని బాగుచేసే ఖర్చు ఎవరిది?

(దృశ్యం: పాత ఫ్యాక్టరీ గోడలు.)

అమెరికాలో రసాయన వ్యర్థాలు పూడ్చిన లవ్ కెనాల్ అనే పాత కాలువ చుట్టూ ఇళ్లు, బడి కట్టారు. ఆ విషం బయటపడి, 1978లో గొడవ దేశమంతా పాకింది. 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. విషం పోసినవాళ్లతో పాటు ఇప్పుడు ఆ స్థలం ఎవరి పేరున ఉంటే వాళ్లూ బాధ్యులే అంది. వినడానికి న్యాయమే. కానీ కొనేవాళ్లకు టెన్షన్ పట్టుకుంది. పాత ఫ్యాక్టరీ స్థలాలు పాడుబడ్డాయి, కొత్త కట్టడాలు ఊరి బయట పొలాల మీదికి పోయాయి. చివరికి 2002లో చట్టం మార్చి, కొనేముందే విచారణ చేయించుకుని జాగ్రత్తలు పాటించినవాళ్లకు రక్షణ ఇచ్చారు.

ఎంతవరకు శుభ్రం చేయాలన్నది ఇంకో చిక్కు. నెదర్లాండ్స్ మొదట్లో, బాగుచేసిన నేల ఏ పనికైనా పనికిరావాలంది. ఖర్చు భరించలేక, 1990లలో వాడకాన్ని బట్టి శుభ్రం చేసే పద్ధతికి మారింది. గోడౌన్‌కైతే పైన కాంక్రీటు పరిస్తే సరిపోవచ్చు, ఇళ్లకైతే మట్టి తవ్వి తీయాల్సి రావచ్చు. నాకిది సబబే అనిపిస్తుంది. కానీ రేపు ఆ గోడౌన్ పడగొట్టి ప్లాట్లు వేస్తే? కింద ఏముందో రిజిస్ట్రేషన్ కాగితాల్లో రాసి ఉండాల్సిందే.

(దృశ్యం: మట్టి నమూనా తీస్తున్న చేతులు.)

మన దేశంలో ఇలాంటి కలుషిత స్థలాలకు విడిగా నియమాలు 2025 జూలైలో వచ్చాయి. అనుమానమున్న స్థలాల వివరాలు జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి ఇవ్వాలి, కాలుష్య నియంత్రణ మండలి పరీక్షించాలి. ఖర్చు పాడుచేసినవాళ్లదే. వాళ్లు దొరక్కపోతే ప్రభుత్వాలు భరించాలి.

మీరు ప్లాటు కొనేముందు ఈసీ తీస్తారు కదా? అందులో చేతులు మారిన లెక్క ఉంటుంది కానీ మట్టి సంగతి ఉండదు. ఆ వీధిలో పాతికేళ్లుగా ఉన్నవాళ్లను అడగండి, ఇక్కడ ముందు ఏముండేదని. షెడ్డు అన్నారా, అడ్వాన్సు ఇచ్చేముందే మట్టిని ల్యాబ్‌కు పంపండి.