హెల్త్ వ్యాన్ ఫ్యాక్టరీకి వచ్చే రోజు ఎవరికి ఏ టైమ్ ఇవ్వాలి?

[తెర మీద: ఫ్యాక్టరీ ఆవరణలో హెల్త్ చెకప్ వ్యాన్]

నమస్తే. ఫ్యాక్టరీకే వ్యాన్ వచ్చి కార్మికులకు పరీక్షలు చేస్తుంది కదా, అందులోకి ఎవరు ఎప్పుడు ఎక్కాలో చెప్పేది షెడ్యూలింగ్ కోఆర్డినేటర్. పేరు పక్కన టైమ్ రాయడమే కదా అనుకోకండి. టైమ్ తప్పితే రిపోర్టే తప్పుతుంది.

రేకులను యంత్రాలతో నొక్కే ప్రెస్ షాపులో, ఆ మోతలో పనిచేసే మనిషికి షిఫ్టు దిగేసరికి చెవులు దిబ్బడేసి ఉంటాయి. అప్పుడు ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష చేస్తే అసలు వినికిడి కంటే తక్కువ చూపిస్తుంది. మొదటి పరీక్షకు ముందు 14 గంటలు మోతకు దూరంగా ఉండాలన్నది అమెరికాలో కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా పెట్టిన నియమం. అందుకే ఎ షిఫ్టు, అంటే పొద్దుటి షిఫ్టు 6 గంటలకైతే వాళ్లను 5 గంటలకే పిలవాలి. ఒక్కొక్కరికి పది నిమిషాలు వేసుకుంటే డ్యూటీ ఎక్కేలోపు అయ్యేది ఆరుగురికే. కంపెనీ బస్సు ముందుగా రావాలని ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకూ మనమే చెప్పుకోవాలి.

[తెర మీద: పెయింట్ షాపు]

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. పెయింట్లు, థిన్నర్లలో ఉండే టోలుయీన్ అనే ద్రావకం ఒంట్లోకి ఎంత చేరిందో మూత్రంలో తెలియాలంటే శాంపిల్ షిఫ్టు అయ్యాకే తీసుకోవాలి. మర్నాడు పొద్దున తీసుకుంటే అప్పటికే చాలావరకు బయటికి పోయి, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. నాకు ఎక్కువ భయం ఈ రిపోర్టు గురించే. మోత చేసే కంప్రెసర్ పక్కన నిలబడి పెయింట్ కొట్టే మనిషికైతే ఒకే రోజు రెండు టైములు ఇవ్వాల్సిందే, డ్యూటీ ఎక్కే ముందొకటి, దిగాక ఒకటి.

రాత్రి షిఫ్టు మధ్యలో క్యాంటీన్‌లో తిన్నవాళ్లకు పొద్దున పరగడుపు షుగర్ టెస్టు రాయకండి. గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ టెస్టు అయితే ఏమీ తినకుండా ఉండక్కర్లేదు. వ్యాన్‌ను జనరేటర్ దగ్గర పెట్టనివ్వకండి, ఆ మోతలో వినికిడి పరీక్షప్పుడు హెడ్‌ఫోన్‌లో వచ్చే సన్నటి బీప్ వినపడదు.

[తెర మీద: పేర్ల జాబితా]

హెచ్‌ఆర్ పంపే జాబితాలో సాధారణంగా కంపెనీ ఉద్యోగులే ఉంటారు. రంగులు, రసాయనాల దగ్గర ఉండేది మాత్రం ఎక్కువగా కాంట్రాక్ట్ కార్మికులు. ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవారికి పనిలో పెట్టే ముందు, ఆ తర్వాత 12 నెలలు దాటకుండా వైద్య పరీక్ష జరగాలని ఫ్యాక్టరీల చట్టంలో 1987లో చేర్చిన 41-సి సెక్షన్ చెప్పింది. కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవారినీ ఆ చట్టం కార్మికులుగానే లెక్కించింది. కాబట్టి గేటు దగ్గరి హాజరు రిజిస్టర్ తెప్పించుకుని జాబితాతో సరిచూడండి. లేని పేర్లు చేర్చాకే టైములు వేయండి.