తాగుడు మానాలనుకుంటున్నారా? మొదటి ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగ్‌కి ఇలా వెళ్లండి

[యాంకర్ నేరుగా కెమెరాతో]

ఒకాయన కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటాడు, 41 రోజులు చుక్క ముట్టడు. మాల తీసిన సాయంత్రమే వైన్ షాపు ముందు కనిపిస్తాడు. ఇలాంటివాళ్లు మనందరికీ తెలుసు. "చూశారుగా, కావాలంటే మానేయగలను" అంటాడు. నిజమే, మానాడు కూడా. చిక్కల్లా 42వ రోజుతోనే. మాలలో ఉన్నన్నాళ్లూ చుట్టూ తోటి స్వాములు, తెల్లారుజామున చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన. మాల తీశాక ఎవరి దారి వాళ్లది. పాత దోస్తులు మాత్రం ఎక్కడికీ పోరు.

అలా తోడుండే మనుషులు ఏడాది పొడవునా దొరికే చోటే ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కలుసుకునే బృందం. అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్లో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకర్, బాబ్ స్మిత్ అనే సర్జన్ కలిసి మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్లే. మన దేశానికి 1957లో బొంబాయి మీదుగా వచ్చింది.

[తెరపై ఎర్ర అక్షరాల్లో: ముందు ఇది వినండి]

పొద్దున లేవగానే ఒక పెగ్గు పడితే తప్ప చేతుల వణుకు ఆగని స్థితిలో ఉంటే, ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా మానేయొద్దు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత మతి తప్పి, లేనివి కనిపించవచ్చు. ప్రాణం మీదికి వస్తుంది. ముందు సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆసుపత్రి, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. "పిచ్చాసుపత్రి" అని మొహమాటపడితే నష్టపోయేది మనమే. ఏఏలో డాక్టర్లుండరు, మందులివ్వరు. వైద్యం అక్కడ, తోడు ఇక్కడ.

[తెరపై: 14446, 14416]

మీటింగ్ ఎక్కడుందో తెలుసుకోవడానికి ఏఏ ఇండియా వెబ్‌సైట్ చూడండి, లేదా నెట్‌లో మీ ఊరి పేరు పక్కన "ఏఏ మీటింగ్" అని కొట్టండి. మత్తు విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446. మనసు బాగోకపోతే టెలి మానస్, 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు. రెండూ ఉచితం. మ్యాప్‌లో కనిపించిందని నేరుగా బయల్దేరకండి, గ్రూపు చోటు మారి ఉండొచ్చు. ఫోన్ చేసి అడగండి: తెలుగులో జరుగుతుందా? ఏ గేటు నుంచి రావాలి? ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా? ఓపెన్ అంటే ఇంట్లోవాళ్లు కూడా రావచ్చు. క్లోజ్డ్ అంటే తాగుడు మానాలనుకునేవాళ్లకే. దగ్గర్లో లేకపోతే ఫోన్లోనే చేరగలిగే ఆన్‌లైన్ మీటింగులున్నాయి.

ఒక గుర్తు చెప్తాను. అడ్మిషన్, ప్యాకేజీ, అడ్వాన్స్ అన్నారంటే అది డీ-అడిక్షన్ సెంటర్, ఏఏ కాదు. ఏఏలో ఫీజు ఉండదు.

[దృశ్యం: సాయంత్రం, ఖాళీ క్లాస్‌రూమ్, గుండ్రంగా వేసిన కుర్చీలు]

మీటింగ్ చాలాచోట్ల స్కూలు గదిలోనో చర్చి హాల్లోనో పెడతారు. చర్చి అనగానే "మతం మారుస్తారేమో" అని గుసగుసలు మొదలవుతాయి. హాలు అద్దెదే, ఏఏకి ఏ మతంతోనూ సంబంధం లేదు. ప్రార్థనలో దేవుడి మాట వస్తుంది కానీ, ఆ దేవుడెవరన్నది మీ ఇష్టం. నమ్మకం లేనివాళ్లూ వస్తారు.

గంట, గంటన్నర ఉంటుంది. ఒకరు లేచి "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అంటారు. అందరూ పేరుపెట్టి పలకరిస్తారు. ఆయన తన కథ చెప్తారు: తాకట్టు పెట్టిన గాజులు, కూతురి పెళ్లిచూపుల్లో తూలిపడటం, అలాంటివి. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు. తెలుగువాళ్లు పదిమంది కూర్చుని సలహా ఇవ్వకుండా వినడం చూడాలంటే ఇక్కడికే రావాలి! మీ వంతొస్తే "ఈరోజు వింటానండీ" అంటే చాలు. ఇంటిపేరు, ఉద్యోగం, కులం అడగరు. చివర్లో డబ్బుల సంచి తిరుగుతుంది, కొత్తవాళ్లు వేయనక్కర్లేదు.

మీటింగ్ అవగానే జారుకోవాలనిపిస్తుంది. జారుకోకండి. అసలు పని మీటింగ్ తర్వాత టీ తాగే దగ్గరే మొదలవుతుంది. ఒకరిద్దరి ఫోన్ నంబర్లు తీసుకోండి. రాత్రి తొమ్మిదికి కాళ్లు షాపు వైపు లాగుతుంటే ఫోన్ చేయడానికి ఆ నంబరే అక్కరకొస్తుంది. కొన్నాళ్లయ్యాక, మానేసి చాలాకాలమైన ఒకరిని స్పాన్సర్‌గా, అంటే ఈ దారిలో మీకు తోడుండి నడిపించే మనిషిగా ఉండమని అడగొచ్చు. ఆడవాళ్లు తోటి ఆడవాళ్లను అడగడం మేలు. ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఆన్‌లైన్ మీటింగులూ ఉన్నాయి.

ఇదంతా పనిచేస్తుందా? వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2020లో ఏఏ మీద జరిగిన పరిశోధనలను జల్లెడ పట్టింది. పూర్తిగా మానేసి అలాగే ఉండే విషయంలో, ఏఏ వైపు నడిపించే చికిత్స మిగతా కౌన్సెలింగ్ పద్ధతులకంటే మెరుగని తేల్చింది.

ఇక ఇల్లాళ్లకు ఒక మాట. చెయ్యి పట్టి లాక్కెళ్తే మనిషి వస్తాడు, మనసు రాదు. తాగుడు మాన్పిస్తాయంటూ కూరలో చెప్పకుండా కలిపే పొడుల జోలికి మాత్రం పోకండి. ఆ సంగతి తెలియక ఆయన మందు తాగితే గుండె మీదికి రావచ్చు. మీకోసం 1951లో మొదలైన అల్-అనాన్ ఉంది, అది తాగేవాళ్ల ఇంట్లోవాళ్లు కలుసుకునే బృందం. ఆయన మానినా మానకపోయినా మీరు వెళ్లొచ్చు.

[తెరపై మళ్లీ రెండు నంబర్లు]

నిన్న తాగి ఈరోజు వెళ్లొచ్చా అని చాలామంది అడుగుతారు. నిక్షేపంగా వెళ్లొచ్చు. మానాలన్న కోరిక ఒక్కటే అక్కడి అర్హత. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూసుకోండి.