చెయ్యి పట్టుకునే పని

అక్కలకు, చెల్లెండ్లకు, వెనుక వరుసల్లో కూర్చున్న డిగ్రీ పిల్లలకు నమస్కారం.

మాట్లాడే ముందు ఒక్కసారి మీ కుడిచేతి గోర్లు చూసుకోండి. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్నోళ్లు చానామందే ఉన్నరు, నాకు ఇక్కడికే కనబడుతున్నది. అప్పుడు గోరు మొత్తం పండింది కదా. ఇప్పుడు భాద్రపదం, బతుకమ్మ దగ్గరపడ్డది. మొదలు దగ్గర సగం తెల్లగైంది, ఎరుపు కొస దిక్కు జరిగింది. చేతిగోరు నెలకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతది. దీపావళి దాటినంక చూస్తే కొసన నెలవంక లెక్క సన్నగ మిగులుతది. కాలిగోరు ఇంకా నెమ్మది. కాలి బొటనవేలి గోరు మొత్తం కొత్తగ రావాలంటే ఏడాది, ఏడాదిన్నర పడుతది.

నేను నేర్చుకున్న గోర్ల పనిలో, అంటే గోర్లు తీసి, చక్కదిద్ది, రంగులేసే పనిలో, మొదటి పాఠం ఇదే. మనకు కనబడే గోరు ప్రాణం లేనిది, కెరాటిన్ పొర. ప్రాణమంతా మొదట్ల, తోలు కింద ఉంటది. కొసకు మనం చేసిన తప్పు నాలుగైదు నెలల్ల పెరిగి పోతది. మొదలుకు చేసిన తప్పు ఆ మనిషితోనే ఉండిపోవచ్చు. నెయిల్ పాలిష్ రంగుల గురించి చెప్తదనుకొని వచ్చినోళ్లుంటే, రంగు దాంక వస్త, కానీ గోరు దాటే వస్త.

నేను పదకొండేండ్లు ఇదే నల్లగొండలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ల ల్యాబ్ టెక్నీషియన్‌గ చేసిన. పొద్దున ఆరున్నరకు పోయేసరికి పరగడుపున వచ్చిన షుగర్ పేషెంట్లు లైన్ల ఉండేటోళ్లు. చెయ్యి పట్టుకునుడు, నరం దొరకబట్టుడు, సూది పెట్టుడు. బ్యూటీ పార్లర్‌తోని నాకు సంబంధమే లేదు. కనుబొమ్మలు చేయించుకునుడు కూడా మా చెల్లె పెండ్లికే మొదటిసారి. 2021 ఎండకాలం, కరోనా రెండోసారి వచ్చినప్పుడు, ముదురు రంగు పాలిష్ ఉన్న వేలికి ఆక్సీమీటర్ పెడితే లెక్క సరిగ్గ రాకపోయేది. కోటు జేబుల దూది, రిమూవర్ సీసా పెట్టుకొని తిరిగిన. గోర్లతోని నాకు అప్పటిదాంక ఉన్న పరిచయం అంతే. కానీ ఆ దినాలల్ల ఎన్ని వేళ్లు పట్టుకున్ననో, ఎన్ని గోర్లు చూసిననో! నీలం తిరిగినవి, గుంటలు పడ్డవి, పసుపు పట్టినవి. చూసే కన్ను అప్పుడే పడ్డది.

ఉద్యోగం ఎందుకు ఇడిసిన్నంటే, పెద్ద కథేం లేదు. రాత్రి డ్యూటీలు, పెరగని జీతం, ముప్పై తొమ్మిదేండ్ల వయసు. ఈ పని నేర్చుకుంట అన్నప్పుడు మా పెద్దమ్మ అన్న మాట మాత్రం చెప్పాలె: “డాక్టర్ల కాడ పనిచేసినదానివి, ఇప్పుడు పోయి ఒకల్ల కాళ్లగోర్లు తీస్తవా బిడ్డా?”

మన పెండ్లిండ్లల్ల మైలపోలు నాడు నాయీబ్రాహ్మణ పెద్దమనిషి వచ్చి గోర్లు తీస్తేనే తర్వాతి కార్యం నడుస్తది. అంత శుభకార్యంల ముందు నిలబెట్టుకుంటం, అయిపోయినంక వాకిట్ల కూసోబెడతం. అదే వేలు పట్టుకొని రక్తం తీస్తే నన్ను మేడం అన్నరు, గోరు తీస్తే చిన్నతనం అంటున్నరు. వేలు మారలేదు కదా. ఈ చిన్నచూపు పనిని చూసి పుట్టింది కాదు, ఆ పని తరతరాలుగ ఎవల చేతుల్ల ఉన్నదో వాళ్ల కులాన్ని చూసి పుట్టింది. ఈ మాట నేను తలొంచుకొని వినను. మీరు కూడా వినొద్దు.

అనుభవం లేనోళ్లు ఈ పనికి పనికొస్తరా అని అడుగుతరు. ఒక ముచ్చట చెప్త. 1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయింది. వియత్నాం నుంచి ప్రాణాలు అరచేతుల పెట్టుకొని అమెరికా పోయినోళ్లల్ల కొందరు ఆడోళ్లు కాలిఫోర్నియాల ఒక శిబిరంల ఉన్నరు. టిప్పీ హెడ్రెన్ అనే హాలీవుడ్ నటి వాళ్లకు ఏదన్న పని నేర్పాలని టైపింగ్, కుట్టుపని చూపించింది. వాళ్ల చూపు ఆమె గోర్ల మీద పడ్డది. ఆమె తన గోర్లు చేసే మనిషిని పిలిపించింది, ఇరవై మంది ఆడోళ్లు నేర్చుకున్నరు. వాళ్లల్ల ఒక్కరు కూడా పార్లర్ మొకం చూసినోళ్లు కాదు, భాష కూడా సరిగ్గ రాదు. ఈనాడు అమెరికాల గోర్ల పని చేసేటోళ్లల్ల దాదాపు సగం మంది వియత్నాం మూలాలున్నోళ్లే. ఒకల చేతి నుంచి ఒకల చేతికి పోయింది ఆ పని. పాలమూరు నుంచి మేస్త్రి వెంట గుంపులు గుంపులుగ వలసపోయి పని నేర్చుకున్న మన జిల్లాలోళ్లకు ఇది వింత కాదు.

ఇగ నా నేర్చుకునుడు. హైదరాబాద్ పోయిన. ఇక్కడినుంచి సుమారు వంద కిలోమీటర్లు, పొద్దుగాల బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్‌ల దిగుడు, రాత్రికి వాపసు. పది రోజుల కోర్సు, పాతిక వేలు. పది రోజులూ డిజైన్లే. పూలు, మెరుపులు, అద్దాలు. గోరు ఎట్ల పెరుగుతదో చెప్పలేదు, పెట్టింది తీసుడెట్లనో చెప్పలేదు. పదకొండో రోజు సర్టిఫికెట్ ఇచ్చి ఫొటో తీసిండ్రు. వారం తర్వాత మా చెల్లెకు గోరును పొడుగు చేసే ఎక్స్‌టెన్షన్లు పెట్టిన. తీయనీకి వచ్చినప్పుడు నాకు తెల్వక కొస పట్టి లేపిన, సొంత గోరు పైపొర దాంతోనే ఊడొచ్చింది. గోరు కాగితం లెక్క పలచబడి, చన్నీళ్లు తగిలినా మా చెల్లె అబ్బా అనేది. ఆ గోర్లు మళ్ల మామూలు కానీకి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలు నేను ఎవల చేతికీ పని చేయలే. కూర్చొని చదివిన, ప్లాస్టిక్ చెయ్యి మీద రుద్దిన, నా గోర్ల మీద నేనే పెట్టుకొని తీసిన.

అందుకే పైసలు కట్టేముందు అడగండి: రిమూవల్, అంటే పెట్టింది తీసుడు, ఎన్ని రోజులు నేర్పుతరు? ప్లాస్టిక్ చెయ్యి కాకుండ నిజం మనుషుల చేతులు ఎన్ని నా ముందుకొస్తయి? పనిముట్లు ఎట్ల కడుగుతరు? ఈ మూడిటికీ నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. అమెరికాలోనైతే రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ కావాలె. మన దగ్గర ఆ పరీక్ష లేదు కాబట్టి మనల్ని మనమే పరీక్షించుకోవాలె. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టర్ స్కిల్ కౌన్సిల్ ఈ పనికి పాఠ్యప్రణాళిక పెట్టింది. దాని ప్రకారం నేర్పుతున్నరా లేదా అన్నది కూడా అడగొచ్చు.

ఇప్పుడు నేను ఎక్కువసేపు చెప్పదలుచుకున్న సంగతి. గోర్ల మీద పూసే జెల్ అంటే ఏంది? సీసాల ఉన్నప్పుడు చిన్న చిన్న అణువులు విడివిడిగ ఉంటయి. ల్యాంప్ వెలుతురు తగలంగనే జడ అల్లినట్టు ఒకదానికొకటి అల్లుకొని గట్టిపడతయి. గట్టిపడేటప్పుడు వేడి పుడతది, మందంగ పూస్తే కస్టమర్ చెయ్యి లాగేసుకునేది అందుకే. గట్టిపడ్డ జెల్ మంచిదే. గట్టిపడని జెల్ తోలుకు అంటితేనే ముప్పు. అందుల హెచ్ఈఎంఏ అనే రసాయనం ఉంటది. మళ్ల మళ్ల తోలుకు తగిలితే ఒంటికి పడకుండ పోతది. వేళ్ల చుట్టూ దురద, నీటి పొక్కులు, తోలు పగులుడు, ఒక్కోసారి కనురెప్పల మీద కూడా. ఒకసారి పడకుండైతే సాధారణంగ జన్మంతా పడదు. నోట్లె పండ్లల్ల నింపే సిమెంటు, కీళ్ల ఆపరేషన్ల వాడే సిమెంటు కూడా ఈ కుటుంబం రసాయనాలే. ఇరవై ఏండ్ల పిల్లకు ముచ్చటపడి పెట్టిన పాలిష్ అరవై ఏండ్లకు మోకాలి ఆపరేషన్ దగ్గర అడ్డం పడొచ్చు. యూరప్‌ల 2020ల నియమం తెచ్చి హెచ్ఈఎంఏ ఉన్నవాటిని పని తెలిసినోళ్లే వాడాలన్నరు. 2025 సెప్టెంబర్ 1 నుంచి టీపీఓ అనే ఇంకో పదార్థాన్ని అక్కడ మొత్తానికే ఆపిండ్రు. డబ్బా వెనుక చిన్న అక్షరాలు చదవండి. అక్షరాలే లేని డబ్బా కొనకండి.

అక్రిలిక్ గోర్ల సంగతి కూడా అట్లనే. పొడి, ద్రవం కలిపి చేసే పని. ద్రవంల ఈఎంఏ అనే రసాయనం ఉండాలె. ఎంఎంఏ అనే ఇంకో రసాయనం ఉన్న సరుకు మీద అమెరికాల 1970 దశకంలోనే ఫిర్యాదులు వస్తే అక్కడ మందులు, సౌందర్య సరుకులను చూసే సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ కోర్టుకు పోయింది. అది మరీ గట్టిగ అతుక్కుంటది, అసిటోన్ల నానబెట్టినా సులువుగ కరగదు. తలుపు సందుల వేలు పడిందనుకోండి, పెట్టిన గోరు విరగదు, సొంత గోరు లేచొస్తది. చౌకగ దొరుకుతది కాబట్టే జాగ్రత్త.

నా చేతులకేమో నైట్రైల్ అనే ఒక రకం రబ్బరు గ్లౌజులు. ల్యాబ్‌ల వాడే మామూలు లేటెక్స్ గ్లౌజుల నుంచి ఈ రసాయనాలు తొందరగ దిగుతయి, నైట్రైల్ కూడా గంటల తరబడి ఆపదు, మార్చుకుంట ఉండాలె. ఇంకొకటి, అసిటోన్ పెట్రోల్ లెక్క అంటుకుంటది. పొద్దుగాల దుకాణంల దీపం పెట్టే అలవాటు మనకుంటది కదా. దీపం కొండెక్కినంకనే సీసా మూత తీస్త.

నా పాత ఉద్యోగం నాకు ఇచ్చిన పెద్ద ఆస్తి శుభ్రత. హెపటైటిస్ బీ వైరస్ ఎండిపోయిన రక్తంల కూడా కనీసం వారం రోజులు బతుకుతది. క్యూటికల్, అంటే గోరు మొదట్ల ఉండే సన్న తోలు, కత్తిరించేటప్పుడు కంటికి కనబడని రక్తం చుక్క చాలు. పార్లర్లల్ల నీలం లైటు డబ్బా పెట్టి స్టెరిలైజర్ అంటరు. అది పనిముట్లను స్టెరిలైజ్ చేయదు. నేను ఇనుప పనిముట్లు ముందు సబ్బుతోని, బ్రష్షుతోని తోముత, తర్వాత ఆవిరి ఒత్తిడితోని క్రిములను చంపే ఆటోక్లేవ్‌ల 121 డిగ్రీల దగ్గర 15 పౌండ్ల ఒత్తిడి మీద ఇరవై నిమిషాలు పెడత. ఆకురాయి, గోరును నునుపు చేసే బఫర్ ఎంత కడిగినా శుభ్రం కావు, ఒకలకు వాడినవి సంచిల పెట్టి వాళ్లకే ఇచ్చి పంపుత. ఖర్చు ఎక్కువైతదని నాతో పనిచేసే పిల్ల మొదట్ల గునిసింది. ఇప్పుడు కస్టమర్లే ఆ సంచి చూసి ఇంకో ఇద్దరిని పట్టుకొస్తున్నరు.

వద్దని చెప్పుడు కూడా ఈ పనిలో భాగమే. పోయినేడు ఒక పిల్ల నిశ్చితార్థానికి ఎక్స్‌టెన్షన్లు కావాలని వచ్చింది. గోర్లు నడుమ లోపలికి గుంటలు పడి చెంచాల లెక్క ఉన్నయి. ఆ గుంటల మీద నీటిచుక్క నిలుస్తది. రక్తంల ఇనుము తక్కువైనోళ్ల గోర్లు అట్ల తిరుగుతయని నాకు ల్యాబ్ నుంచే తెలుసు. నేను రోగం పేరు చెప్పలే, ఆ అధికారం నాది కాదు. “ముందు హిమోగ్లోబిన్ చూపించుకో చెల్లే, గోర్లు తర్వాత పెడత” అన్న. తల్లికి కోపమొచ్చింది, లేచి పోయిండ్రు. గోరు కింద కొత్తగ నల్లటి గీత వచ్చి వెడల్పవుతుంటే, గోరు మందమై పొడి రాలుతుంటే, గోరుచుట్టు వచ్చి చీము పట్టి ఉంటే పని ముట్టుకోవద్దు, డాక్టర్ దగ్గరికి పంపాలె. నర్సమ్మలకు పెట్టుడు గోర్లు పెట్టను. పేషెంట్లను ముట్టుకునేటోళ్లకు అవి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009ల్నే చెప్పింది. పత్తి ఏరే అక్కలకు, రోజంతా అంట్లు తోమే అక్కలకు పొట్టిగ చక్కగ తీసి కొబ్బరినూనె రాసి పంపుత. వాళ్ల గోరు వాళ్ల పనిముట్టు, దాన్ని నేను పొడుగు చేసి చెడగొట్టొద్దు.

పైసల లెక్క తొందరగ చెప్త. మొదటి నెల నాకు మిగిలింది నాలుగు వేలు. ఏడాదిన్నరకు ల్యాబ్ జీతం దాటిన. ఆషాఢంల, మూఢంల చేతికి పని తక్కువ, లగ్గాలు మొదలైతే ఊపిరాడదు. మంగళవారం, శుక్రవారం గోర్లు తీయించుకోరు. ఆ రెండు రోజులు నేను సాధన చేస్త. ఉన్న ఉద్యోగం ఆరు నెలల దాంక ఇడవకండి, ఆదివారాలు నేర్చుకోండి. ముద్ర పథకం 2015ల మొదలైంది, శిశు రుణం కింద యాభై వేల దాంక ఇస్తరు. సంఘంల ఉన్నోళ్లకు సంఘం అప్పు ఉండనే ఉన్నది. పెద్ద దుకాణం, పెద్ద కుర్చీ ముందే వద్దు. మంచి వెలుతురు, ఎత్తు సరిపోయే బల్ల, దుమ్ము లాగే మిషన్ ఉంటే మొదలుపెట్టొచ్చు.

ఇగ రంగు. డిజైన్లు ఫోన్ల చూసి తెచ్చుకుంటరు, మంచిదే. కానీ మన చుట్టూ ఉన్నదాన్ని చూడండి. పోచంపల్లి చీరల నూలు ముడివేసి రంగుల ముంచినంక నేస్తరు, అందుకే ఆ పలకల అంచులు నీళ్లల్ల తడిసినట్టు మెత్తగ ఉంటయి. ఆ మెత్తదనం గోరు మీద తేవాలంటే తడి జెల్‌ల సన్న కుంచె కొసతోని రెండు దిక్కులా లాగాలె. నాకు రెండు నెలలు పట్టింది. నారాయణపేట గళ్లు సులువు. గద్వాల చీర కట్టిన పెండ్లిపిల్లకు ఆ అంచుల గుడి గోపురాలు ఉంగరం వేలికి ఒక్కదానికే వేస్త, మిగిలిన తొమ్మిదీ చీర ఒంటి రంగు. పది వేళ్లకూ వేయమంటరు. వేస్తే ఏదీ కనబడదు.

బల్ల మీద పెట్టే లైటు, భూతద్దం, నైట్రైల్ గ్లౌజులు తెచ్చిన. ముందు వరుస నుంచి ఒక్కొక్కరే రండి, చెయ్యి చాపండి. పాలిష్ ఉన్నోళ్లు దూదితోని తుడుచుకొని రండి. నేను చూసిందేంటో పైకి చెప్త, పక్కనున్నోళ్లు వినుకుంట మీరు కూడా చూడండి. గోరింటాకు పెట్టుకున్న ఆ పచ్చచీర అక్క, ముందు మీరు రండి.