చెక్క పడవకు వెలుతురు ఏ వైపు నుంచి?

అందరికీ నమస్కారం.

ఇంట్లో చెక్క కెనూ, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవ, కడుతున్నామని చెప్పగానే ఎవరైనా అడిగేది ఏ చెక్క, ఏ జిగురు, ఎన్నాళ్లు పట్టింది అనే. లైట్ల సంగతి ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. నా మొదటి పడవను షెడ్డు నడికప్పుకు వేలాడే రెండు ట్యూబ్‌లైట్ల కింద కట్టాను. వార్నిష్ ఆరాక దాన్ని మోసుకొచ్చి బయట పెట్టాం. పొద్దు వాలుతోంది. ఏటవాలుగా పడిన ఆ ఎండలో చూస్తే పడవ ఒళ్లంతా గీతలు! చెక్కను నునుపు చేసే సాండర్ యంత్రం తిరిగిన సుడులు, జిగురులా పూసే రెసిన్ కారి గట్టిపడిన చారలు, ఒకచోట అరచెయ్యంత పల్లం. మూడు నెలలు రోజూ తడిమిన పడవే. షెడ్డులో ఇవేవీ నా కంట పడలేదు.

అక్కడ వెలుతురు తక్కువే, ఒప్పుకుంటాను. అయితే పైన ఇంకో పది లైట్లు బిగించినా ఆ గీతలు కనిపించేవి కావు. గీత కనబడాలంటే దాని అంచు నీడ పడాలి. పలక మీద నిట్టనిలువుగా, అన్ని వైపుల నుంచీ పడే వెలుతురు గీత లోపలిదాకా నిండిపోతుంది, నీడ ఉండదు. అదే వెలుతురు చెక్కను రాసుకుంటూ పక్కనుంచి వస్తే వెంట్రుకంత గీత కూడా నల్లగా తేలుతుంది. కాబట్టి మనకు రెండు రకాల లైట్లు కావాలి: పని చేసుకోవడానికి ఒకటి, తప్పులు పట్టుకోవడానికి ఒకటి. ఒకదానితో రెండో పని జరగదు.

ముందు మొదటి రకం. పడవ 5 మీటర్లు ఉంటే చుట్టూ తిరగడానికి 7 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గది కావాలనుకుందాం. అంటే 28 చదరపు మీటర్లు. దీపం ఇచ్చే వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. మామూలు చెక్కపనికి 500 లక్స్, అంటే చదరపు మీటరుకు 500 ల్యూమెన్లు, సరిపోతుంది. 28ని 500తో గుణిస్తే 14,000 ల్యూమెన్లు. గోడలు తాగేసేది, దుమ్ము మింగేది కలుపుకుని 20,000 అనుకోండి. నాలుగడుగుల 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబ్ ఒకటి సుమారు 2,000 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే పది ట్యూబులు. అరవై దాటినవాళ్లు ఇంకో రెండు మూడు కలుపుకోండి. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపెక్కుతుంది. కుర్రవాళ్లకు చాలిన వెలుతురు మనకు చాలదు, ఇందులో మొహమాటపడేదేమీ లేదు.

ఆ పదీ ఎక్కడ పెట్టాలి? పడవను బోర్లించి కడతాం కదా, నడిమధ్యన ఒకే వరస పెడితే పైకి తేలిన అడుగు భాగం మీదే వెలుగంతా పడుతుంది. పక్కలు కింద అంచు దగ్గర లోపలికి తిరుగుతాయి. సన్నటి చెక్కబద్దలను పక్కపక్కన జిగురుతో అతికే కదా పడవ కడతాం, ఆ బద్దల సందులు అక్కడే చీకట్లో ఉండిపోతాయి. అందుకని రెండు వరసలు వెయ్యండి, పడవ అంచుకు జానెడు బయటగా, మీరు నిలబడే చోటుకు కాస్త ముందుగా. వరస మీ వీపు వెనక్కి పోయిందా, మీ నీడే మీ పని మీద పడుతుంది. గోడలకూ కప్పుకూ తెల్లరంగు వేస్తే కింది భాగాలకు కూడా వెలుగు తిరిగొస్తుంది. ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ.

రంగు గురించి ఒక్క మాట. ట్యూబ్ డబ్బా మీద 4000 నుంచి 5000 కెల్విన్ (వెలుతురు రంగుకు కొలత), సీఆర్ఐ (వస్తువుల రంగును ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన అని ఉన్నవి తీసుకోండి. సెడార్ అనే చెక్కతో చేసిన బద్దలు గడ్డిరంగు నుంచి చాక్లెట్ రంగు దాకా ఉంటాయి. పసుపు బల్బు కింద జత కలిపినవి పగటి వెలుతురులో చూస్తే కుడిపక్కకూ ఎడమపక్కకూ పొంతన ఉండదు.

పాత చోక్ ట్యూబ్‌లైట్లుంటే తీసెయ్యండి. 50 హెర్ట్జ్ కరెంటు మీద అవి సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. ఆ మిణుకుకూ రంపం తిరుగుడుకూ లెక్క కుదిరితే తిరుగుతున్న బ్లేడు ఆగినట్టే కనిపిస్తుంది. చెయ్యి పెట్టాక తెలుసుకునే విషయం కాదది. నాసిరకం ఎల్ఈడీల్లోనూ ఈ జబ్బుంది.

ఇక చెక్క మీద ఫైబర్‌గ్లాస్, అంటే గాజుపోగుల గుడ్డ పరిచి రెసిన్ పూసే రోజు. అసలు టెన్షన్ అప్పుడే. తెల్లటి గుడ్డ రెసిన్ తాగగానే మాయమై కింద చెక్క బయటపడుతుంది. సరిగా తాగనిచోట వెండిపొడి చల్లినట్టు చుక్కలుంటాయి. ఎక్కువైనచోట గుడ్డ తేలి అద్దంలా మెరుస్తుంది. గిన్నెలో రెసిన్ గట్టిపడేలోపు ఈ రెండింటినీ వెతికి పట్టుకోవాలి, కాబట్టి ఆ రోజు ఒక్క లైటు కూడా ఆపొద్దు. ఒక్కటి మాత్రం వద్దు, హాలోజన్ దీపం. అది చెక్కను వేడెక్కిస్తుంది, చెక్కలోని గాలి వ్యాకోచించి రెసిన్‌లోకి బుడగలై పొంగుతుంది. పొద్దున కిటికీలోంచి నేరుగా పడే ఎండదీ అదే తంతు. గది చల్లబడుతున్న వేళ, సాయంత్రం, రెసిన్ పూస్తే చెక్క గాలిని లోపలికే పీల్చుకుంటుంది. పైగా చెక్కపొడి పేరుకున్న హాలోజన్ నిప్పుకు పిలుపే.

రెండో రకం లైటు ఒక్కటి చాలు. నాలుగడుగుల ట్యూబును ఒక కర్రకు కట్టి స్టాండు మీద నిలబెట్టండి. దీనికి వేరే స్విచ్ పెట్టుకోండి. రాత్రిపూట మిగతావన్నీ ఆపేసి, దీన్ని పడవ ఒంటికి దాదాపు ఆనించినట్టు పెట్టి మెల్లగా జరపండి. సుడి కనబడ్డచోట పెన్సిల్‌తో సున్నా చుట్టండి. పల్లమని అనుమానం వస్తే అక్కడంతా పెన్సిల్‌తో గీకి, పొడవాటి దిమ్మకు సాండ్‌పేపర్ చుట్టి నాలుగుసార్లు రుద్దండి. గీతలు చెరగకుండా మిగిలిందే పల్లం. మొదటి రాత్రి నేను యాభై సున్నాలు చుట్టి దీపం ఆపేసి పడుకున్నాను. ఇంకా లెక్కపెడితే నిద్ర పట్టదని.

వార్నిష్ మొదలయ్యాక ఇదే ట్యూబు ఇంకో పనికొస్తుంది. పడవ మెరుపులో దాని ప్రతిబింబం పొడవాటి తెల్ల గీతలా పడుతుంది. మీరు పక్కకు నడుస్తుంటే ఆ గీత సాఫీగా జారాలి. ఎక్కడైనా వణికితే అక్కడ బద్ద ఎత్తుగానో పల్లంగానో ఉన్నట్టు.

పడవ తిప్పాక లోపలి పనికి పైలైట్లు బాగానే సరిపోతాయి. రెండు కొసలు ఇరుకు, అక్కడికి క్లిప్పు దీపం తగిలించుకోండి.

ఈ బల్ల మీద వార్నిష్ వేసిన పలక ఒకటి పెట్టాను. ఇప్పుడు చూస్తే నున్నగా ఉంది కదా? హాలు లైట్లు ఆపమంటాను. నా దగ్గర ఈ ట్యూబు ఉంది. ముందుకొచ్చి, తల వంచి పక్కనుంచి చూడండి.