గుర్రమంటే పడని గుర్రపు దళం ఆఫీసర్: బెంజమిన్ గ్రియర్సన్ కెరీర్ రివ్యూ

అందరికీ నమస్తే అండి. పాతకాలపు అమెరికా గుర్రపు దళం అనగానే అందరూ కస్టర్ పేరే ఎత్తుతారు. ఈ రోజు రివ్యూకి నేను తీసుకున్నది అదే కాలంలో, అదే సైన్యంలో పనిచేసిన బెంజమిన్ గ్రియర్సన్‌ని. ఈయన గురించి ఎవరు చెప్పినా 1863 నాటి పదహారు రోజుల దాడి దగ్గరే ఆగిపోతారు, నాకైతే ఆ తర్వాత ఆయన పడ్డ 24 ఏళ్ల పాట్లే అంతకన్నా పెద్ద విషయం అనిపిస్తుంది.

1826లో పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. చిన్నప్పుడు ఒక గుర్రం మొహం మీద తన్నింది, కొన్నాళ్లు కళ్లు కూడా కనపడలేదు, అప్పట్నుంచి గుర్రాలంటే ఆయనకి పడదు. పెద్దయ్యాక సంగీతం మాస్టారు, బ్యాండ్ నడిపేవాడు, ఇల్లినాయ్‌లో ఒక చిన్న ఊళ్లో వ్యాపారం పెట్టి చేతులు కాల్చుకున్నాడు. అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలయ్యాక ఉత్తరాది సైన్యంలో చేరితే ఆయన్ని వేసింది ఎక్కడో తెలుసా, 6వ ఇల్లినాయ్ గుర్రపు దళంలో.

ఇక ఆ దాడి. మిసిసిపీ నది ఒడ్డున దక్షిణాది వాళ్ల విక్స్‌బర్గ్ కోట ఉత్తరాది జనరల్ గ్రాంట్‌కి కొరకరాని కొయ్యగా ఉంది. నది దాటేటప్పుడు శత్రువు దృష్టి ఇంకెక్కడో ఉండాలి. అందుకని 1863 ఏప్రిల్ 17న గ్రియర్సన్ 1,700 మందితో టెనెసీలోని లా గ్రాంజ్ నుంచి బయల్దేరి నేరుగా శత్రువుల మిసిసిపీ రాష్ట్రం మధ్యలోకి దిగాడు. నాలుగు రోజులయ్యాక ఒక రెజిమెంట్‌ని వెనక్కి తిప్పి పంపాడు, ఇక్కడ వాళ్లు చేసిన పని నాకు భలే నచ్చుతుంది. వాళ్ల దగ్గర ఉన్నది ఒకటే ఫిరంగి. దాన్ని దారిలో నాలుగు చోట్ల తిప్పారు, చక్రాల గుర్తులు చూసినవాళ్లు నాలుగు ఫిరంగులు వెనక్కి పోయాయి అనుకోవాలని. వెంటపడుతున్న శత్రు దళం ఆ జాడలే నమ్మి వాళ్ల వెనకాల పోయింది, మిగతా సైన్యంతో గ్రియర్సన్ దక్షిణానికి సాగిపోయాడు. 24న న్యూటన్ స్టేషన్‌లో విక్స్‌బర్గ్‌కి వెళ్లే రైలు మార్గాన్ని కోసేశారు, రెండు రైళ్లు పట్టుకున్నారు, స్లీపర్లు కుప్పేసి తగలబెట్టి ఆ మంటల మీద పట్టాలు కాల్చి వంచేశారు, టెలిగ్రాఫ్ తీగలు తెంపేశారు. మే 2న దాదాపు 600 మైళ్లు తిరిగి లూసియానాలో బేటన్ రూజ్ చేరారు, చనిపోయింది తన వైపు ముగ్గురే. ఈలోపు ఏప్రిల్ 30న గ్రాంట్ నది దాటేశాడు.

ఊరు ఇంకొన్ని మైళ్లు ఉందనగా సైనికులు జీన్ల మీద నుంచి దిగి ఎక్కడివాళ్లక్కడ నిద్రపోయారు. కమాండర్ నిద్రపోకూడదు కదా, పక్కనే ఒక ఇంట్లోకి వెళ్లి అక్కడున్న పియానో ముందు కూర్చుని వాయిస్తూ మెలకువగా ఉన్నాడు. ఈ దాడిని ఆధారం చేసుకుని 1959లో హాలీవుడ్ సినిమా వచ్చింది, హీరో పేరు మార్చి రైల్వే ఇంజినీర్‌ని చేశారు, సంగీతం మాస్టారు గాయబ్. నాకు అది చాలా బాధగా ఉంటుందండి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. 1866లో నల్లజాతి సైనికులతో కొత్త రెజిమెంట్లు పెట్టారు, ఆఫీసర్లు మాత్రం తెల్లవాళ్లు. చాలామంది ఆఫీసర్లు ఆ పోస్టు మాకొద్దన్నారు. గ్రియర్సన్ 10వ గుర్రపు దళానికి కల్నల్‌గా వెళ్లాడు. ఫోర్ట్ లెవెన్‌వర్త్‌లో అప్పటి అధికారి హాఫ్‌మన్ వీళ్లకి బురద నేలలో డేరాలు వేయించాడు, పరేడ్‌లో తెల్ల సైనికుల దగ్గరికి రావొద్దన్నాడు. గ్రియర్సన్ ఊరుకోలేదు, గొడవ పడ్డాడు. రికార్డుల్లో "నల్లవాళ్ల దళం" అని రాయొద్దు, 10వ గుర్రపు దళం అని రాయండి చాలు అని పట్టుబట్టాడు. ఫోర్ట్ సిల్‌లో ఉన్నప్పుడు కయోవాలు, కొమాంచీలు అనే స్థానిక తెగలతో శాంతిగా పోదామన్నందుకు టెక్సాస్ వాళ్లు మెతకవాడని తిట్టారు.

1880 వేసవి గురించి కూడా చెప్పాలి. అపాచీ తెగ నాయకుడు విక్టోరియో, తన జనాన్ని సొంత నేల నుంచి లేపి సాన్ కార్లోస్ రిజర్వేషన్‌కి (ప్రభుత్వం తెగలకి కేటాయించిన చోటు) తరలించారన్న కోపంతో తిరగబడ్డాడు. న్యాయం ఎవరిదంటే నేను విక్టోరియో వైపే ఉంటాను, ఈ రివ్యూలో దాన్ని దాచి గ్రియర్సన్‌ని పొగడలేను. కానీ ఆయన ఎత్తు మాత్రం చూడండి. ఎడారిలో అపాచీల వెంట పరుగెత్తితే గుర్రాలు చస్తాయి తప్ప వాళ్లు దొరకరు. అందుకే పశ్చిమ టెక్సాస్‌లో నీటి చెలమల దగ్గర కాపలా పెట్టాడు. ఆగస్టులో రాటిల్‌స్నేక్ స్ప్రింగ్స్‌కి విక్టోరియో కంటే ముందే చేరాలని ఆయన సైనికులు ఒక్క రోజు లోపే 65 మైళ్లు స్వారీ చేశారు. నీళ్లు దొరక్క విక్టోరియో మెక్సికోకి మళ్లాడు, అక్టోబరులో అక్కడి సైన్యం చేతిలో చనిపోయాడు.

ఇంత చేసినా ఆయనకి బ్రిగేడియర్ జనరల్ ప్రమోషన్ వచ్చింది 1890 ఏప్రిల్‌లో, జులైలో రిటైర్ అవుతాడనగా. ఆఫీసర్లని తయారుచేసే వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీలో చదువు లేకపోవడం, నల్ల సైనికుల పక్షాన నిలబడటం, ఈ రెండూ ఆయనకి అడ్డొచ్చాయనే నా నమ్మకం.

ఇంకొక్క సంగతి. వెస్ట్‌పాయింట్ పాసైన మొదటి నల్లజాతి ఆఫీసర్ హెన్రీ ఫ్లిప్పర్ వచ్చి చేరింది ఈ దళంలోనే. 1881లో డబ్బు తిన్నాడని ఆయన మీద కోర్ట్ మార్షల్ పెడితే గ్రియర్సన్ ఆయన మంచివాడని లేఖ రాసిచ్చాడు. డబ్బు నేరం రుజువు కాలేదు, అయినా ఆఫీసర్‌కి తగని ప్రవర్తన అని చెప్పి తీసేశారు. క్షమాభిక్ష వచ్చింది 1999లో, క్లింటన్ టైంలో. ఫ్లిప్పర్ కథ ఈ వీడియోలో ఇరికిస్తే ఆయనకి అన్యాయం చేసినట్టే, వచ్చేసారి పూర్తిగా ఆయన గురించే మాట్లాడుకుందాం. ఉంటానండి.